వారంలో మాయమయ్యే మోకాటి వాపు: వంశపారంపర్య జ్వరాల్లో కీళ్ల కథ, నరాల కథ

పొద్దున బడికి బాగానే వెళ్లిన ఏడేళ్ల పిల్లకు సాయంత్రానికి ఒళ్లు కాలిపోతుంది. రాత్రికి కుడి మోకాలు ఉబ్బి, దుప్పటి తగిలినా కేక పెట్టేంత నొప్పి. మర్నాడు కాలు కింద పెట్టదు. మూడో రోజుకు జ్వరం దిగుతుంది, ఆ తర్వాత రోజుకింత వాపు తీస్తుంది, వారం తిరిగేసరికి ఆ పిల్ల తాడాట ఆడుతుంటుంది. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదు. అందరూ మర్చిపోతారు. నెలన్నర తర్వాత మళ్లీ అదే జ్వరం, ఈసారి ఎడమ చీలమండ.

టర్కీలో, అర్మేనియాలో, ఇజ్రాయెల్‌లో, అరబ్బు దేశాల్లో పిల్లల డాక్టర్లకు ఈ కథ కంఠతా వచ్చు. ఫెమిలియల్ మెడిటరేనియన్ ఫీవర్, పొట్టిగా ఎఫ్ఎంఎఫ్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న జ్వరం. టర్కీలో సుమారుగా వెయ్యిమందికి ఒకరికి ఉంటుందని లెక్క. రష్యన్ వైద్య పుస్తకాల్లో దీన్ని అర్మేనియన్ జబ్బు అని కూడా అన్నారు. మన దేశం నుంచి ఎంబీబీఎస్ కోసం అర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లిన విద్యార్థులను అడగండి, ఇక్కడి పిల్లల వార్డులో డెంగీ ఎంత మామూలో అక్కడ ఇది అంత మామూలు. మన దగ్గర మాత్రం చాలా అరుదు, చాలామంది డాక్టర్లు జీవితంలో ఒక్క కేసు కూడా చూడరు.

జ్వరంతో పాటు వచ్చే కీళ్ల నొప్పులన్నీ మనకు ఒకేలా కనిపిస్తాయి, 'వాతం' అనే ఒక్క మాటలో చుట్టేస్తాం. కానీ వంశపారంపర్య జ్వరాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఏ చోట నొప్పి, ఎన్ని రోజులు, పోయాక ఏం మిగిల్చింది అన్నది ఒక్కో జబ్బుకు ఒక్కోలా ఉంటుంది. ఆ తేడా పట్టుకుంటే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే, అది పట్టుకునే అవకాశం డాక్టరు కంటే ఇంట్లో ఉన్నవాళ్లకే ఎక్కువ.

ముందు ఈ జ్వరాన్ని, వాపును తెచ్చే మంట ఎక్కడి నుంచి పుడుతుందో చూద్దాం. మన తెల్ల రక్తకణాల్లో పైరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. గ్రీకులో పైర్ అంటే నిప్పు. 1997లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా దీని జన్యువును కనుక్కున్నాయి. ఫ్రెంచి బృందం మరెనోస్ట్రిన్ అని పేరు పెట్టింది, 'మన సముద్రం' అని రోమన్లు మధ్యధరాను పిలిచిన పేరు అందులో ఉంది. జన్యువు పేరు మాత్రం ఎంఈఎఫ్‌వీ, పదహారో క్రోమోజోము మీద ఉంటుంది. పైరిన్‌ది కాపలా ఉద్యోగం. కొన్ని బ్యాక్టీరియాలు కణంలోకి విషం పంపి, రో-ఏ అనే ఒక ముఖ్యమైన ప్రొటీన్‌ను పడగొడతాయి. మామూలు రోజుల్లో ఆ రో-ఏ పనిచేస్తున్నంత కాలం పైరిన్‌కు సంకెళ్లు ఉంటాయి, అది పడిపోగానే సంకెళ్లు ఊడి పైరిన్ లేచి గంట కొడుతుంది. ఆ గంటకు ఇంటర్‌ల్యూకిన్-1 అనే పదార్థం బయటికి పోటెత్తుతుంది. జ్వరం తెప్పించేది అదే, కీలును వాయించేదీ అదే.

ఎఫ్ఎంఎఫ్ ఉన్నవాళ్లలో పైరిన్ తయారీలో ఒక చిన్న పొరపాటు ఉంటుంది, అంటే సంకెళ్లు వదులు. దొంగ రాకపోయినా గంట మోగుతుంది. ఎక్కువ దూరం నడిచినా, చిన్న దెబ్బ తగిలినా, మామూలు జలుబు చేసినా, పరీక్షల టెన్షన్ ఉన్నా, నెలసరి రోజులైనా, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా కూడా.

ఇంత బాధపెట్టే జన్యువు ఆ ప్రాంతంలో అంతమందిలో ఎందుకు నిలిచిపోయింది? 2020లో వచ్చిన పరిశోధన ఒకటి దీనికి గట్టి జవాబు ఇచ్చింది. ప్లేగు బ్యాక్టీరియా మామూలు పైరిన్‌ను నిద్రపుచ్చే విద్య నేర్చుకుంది, మార్పు ఉన్న పైరిన్‌ను మాత్రం సరిగ్గా నిద్రపుచ్చలేదు. ప్లేగు ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన కాలంలో, ఈ మార్పు ఒక ప్రతి ఉన్నవాళ్లు కాస్త ఎక్కువగా బతికి ఉంటారు. వాళ్ల మనవల మనవళ్లలో అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రెండు ప్రతులూ కలిసినవాళ్లకు ఇప్పుడు మోకాళ్లు వాస్తున్నాయి. జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు 'మా తప్పేంటి' అని కుమిలిపోతుంటారు కాబట్టి ఈ సంగతి వాళ్లకు తప్పకుండా చెప్పాలని నాకు అనిపిస్తుంది. మీ ముత్తాతల ప్రాణం కాపాడిన జన్యువే ఇది కావచ్చు.

ఇక కీళ్ల దగ్గరికి వస్తే, 2005లో టర్కీ డాక్టర్లు 2838 మంది ఎఫ్ఎంఎఫ్ రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లలో 47 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు కీలు వాచింది. మిగతా లక్షణాల్లో కడుపు నొప్పిదే పెద్ద పీట, అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ చేసేంత నొప్పి వస్తుంది. కీళ్ల విషయంలో దీనికో పద్ధతి ఉంది. సాధారణంగా ఒక్క కీలే. అదీ కాలిదే: మోకాలు, చీలమండ, తుంటి. చేతివేళ్ల చిన్న కీళ్ల జోలికి పెద్దగా పోదు. ఒక రోజు రెండు రోజుల్లో నొప్పి శిఖరానికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది. కడుపు నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతే, కీలు ఇంకాస్త తీరిగ్గా వారం దాకా తీసుకోవచ్చు. చీలమండ చుట్టూనో పాదం పైనో చర్మం ఎర్రగా, వేడిగా పొంగితే అది ఈ జబ్బుకు ప్రత్యేకమైన గుర్తు. యాంటిబయోటిక్ వేయకపోయినా అదీ రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వాచిన మోకాలికి సూది గుచ్చి నీరు తీస్తే అది చిక్కగా, తెల్లకణాలతో నిండి, అచ్చం చీములా కనిపించవచ్చు. క్రిములు మాత్రం ఉండవు. చీము పట్టిన కీలు అనుకుని కోసి కడిగేసిన సందర్భాలు ఉన్నాయి. ఇది చదివి 'అయితే మా అబ్బాయి మోకాలికి సూది అక్కర్లేదు' అని మాత్రం దయచేసి అనుకోకండి. జ్వరంతో ఒక్క కీలు ఎర్రగా వేడిగా వాస్తే, అది మొదటిసారైతే, నీరు తీసి కల్చర్‌కు పంపాల్సిందే. నిజంగా క్రిములే ఉంటే అవి కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తాయి, ఆ నష్టం మళ్లీ పూడదు. వంశపారంపర్య జ్వరం అనే అనుమానం ఎప్పుడూ రెండో మాటే.

వచ్చిపోయే కీళ్లవాపు ఎముకను తినదు, అది అదృష్టం. కానీ రోగుల్లో కొద్దిమందికి, సుమారు నూటికి ఐదుగురికి, వాపు వారాలు, నెలల తరబడి కూర్చుంటుంది. ముఖ్యంగా తుంటిలో. తుంటి లోతుగా ఉంటుంది కాబట్టి పైకి వాపు కనపడదు, మనిషి కుంటుతూ ఉంటాడు, తొడ ముందువైపు నొప్పి అంటాడు, ఇంట్లోవాళ్లు మోకాలికి తైలం రాస్తుంటారు. చివరికి తుంటి కీలు మార్పిడి దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. వీళ్లను ముందుగా గుర్తించకపోవడమే నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం.

ఇప్పుడు నరాల మాట. మనవాళ్లు మడమ వెనక తాడులా తగిలేదాన్ని, మణికట్టు దగ్గర పైకి తేలేదాన్ని 'నరం' అంటారు. నరం పట్టేసింది, నరం లాగుతోంది అంటాం. నిజానికి అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ, డాక్టర్ల భాషలో టెండాన్. పిక్క కండరం చివర సన్నబడి తాడులా మారి మడమ ఎముకలోకి దిగుతుంది చూడండి, ఆ దిగే చోటే అసలు కష్టమంతా. మనం వేసే ప్రతి అడుగుకూ మన ఒంటి బరువును మించిన లాగుడు ఆ చిన్న చోటు మీద పడుతుంది. అక్కడ కంటికి కనిపించని చీలికలు రోజూ పడుతుంటాయి, ఒళ్లు రోజూ వాటిని అతుకుతుంటుంది. మామూలు మనిషిలో ఆ అతుకు పని గప్‌చిప్‌గా జరిగిపోతుంది. గంట కొట్టే అలవాటున్న తెల్లకణాలు ఉన్నచోట అదే పని మంటగా మారడం సులువు. కాలి కీళ్లే ఎందుకు వాస్తాయి, ఎక్కువ నడిచిన రోజు సాయంత్రమే ఎందుకు వాస్తాయి అన్నదానికి కూడా నాకు ఈ వివరణే సబబుగా తోస్తుంది.

మడమ నొప్పి ఉన్న ఎఫ్ఎంఎఫ్ రోగుల్లో కొందరికి నడుము కింద, పిరుదుల లోతుల్లో, వెన్నెముక కటి ఎముకతో కలిసే కీలు కూడా వాస్తుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది, లేవగానే నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, కాసేపు అటూ ఇటూ తిరిగితే సడలుతుంది. రోజంతా పని చేశాక వచ్చే నడుం నొప్పికి ఇది సరిగ్గా తిరగేసిన లక్షణం. మామూలుగా ఇలాంటి నడుం జబ్బులో హెచ్ఎల్ఏ-బీ27 అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తుంది, ఎఫ్ఎంఎఫ్ వాళ్లలో ఎక్కువసార్లు నెగెటివ్. రిపోర్టు నెగెటివ్ అని చూసి 'నీకేం లేదు' అని పంపేస్తే ఆ మనిషి ఇంకో ఐదేళ్లు మంచం మీంచి లేవడానికి తంటాలు పడతాడు. పైరిన్‌లో 694వ స్థానంలో మిథియోనిన్ బదులు వాలిన్ చేరిన మార్పు ఒకటుంది, ఎం694వీ అంటారు. అది రెండు ప్రతులూ ఉన్నవాళ్లకు కీళ్ల బాధలు, మూత్రపిండాల ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎక్కువసేపు నిలబడినా, నడిచినా సాయంత్రానికి పిక్కలు, పాదాలు విపరీతంగా లాగడం ఈ పిల్లల్లో బాగా కనిపిస్తుంది. అప్పుడు జ్వరం ఉండదు, కీలు వాయదు. బడికి వెళ్లనని ఏడ్చే పిల్లను బద్ధకం అని తిడతారు. అది బద్ధకం కాదు.

ఎఫ్ఎంఎఫ్ అన్నలాంటిదైతే, మిగతావి తమ్ముళ్లు. ఒక్కోదాని నడక వేరు. ట్రాప్స్ అనే జ్వరాన్ని మొదట ఐర్లండ్, స్కాట్లండ్ మూలాలున్న ఒక కుటుంబంలో 1982లో వర్ణించారు. ఇందులో తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. మూడు రోజుల్లో పోదు, వారం నుంచి నాలుగు వారాలు కూర్చుంటుంది. నొప్పి కీలులో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ మంట ఎక్కువగా కండరం మీద కప్పిన పలచటి పొరలో ఉంటుంది. తొడ దగ్గర మొదలై రోజురోజుకూ కిందికి జరుగుతూ, పైన చర్మం మీద ఎర్రటి మచ్చను కూడా తనతో పాటు జరుపుకుంటూ పోతుంది. కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. జరిగే నొప్పి, జరిగే మచ్చ చెబితే తెలిసిన డాక్టరు వెంటనే చెవులు రిక్కిస్తాడు.

నెదర్లాండ్స్‌లో 1984లో వర్ణించిన జ్వరం ఇంకోటి, మెవలోనేట్ కైనేజ్ అనే ఎంజైము లోపం వల్ల వచ్చేది. ఇది తరచు ఏడాది నిండకముందే మొదలవుతుంది, టీకా వేసిన మర్నాడు విరుచుకుపడుతుంది, మూడు నుంచి ఏడు రోజులు ఉంటుంది. మెడలో గడ్డలు, వాంతులు, విరేచనాలు, రెండువైపులా పెద్ద కీళ్ల నొప్పులు. ఈ ఎంజైము తక్కువైతే చివరికి రో-ఏ సరిగ్గా నిలబడలేదు, అంటే పైరిన్ సంకెళ్లే మళ్లీ ఊడతాయి. నెదర్లాండ్స్ జ్వరానికీ అర్మేనియా జ్వరానికీ కాపలావాడు ఒకడే అని తేలడం ఈ రంగంలో నాకు బాగా నచ్చిన మలుపు.

చలిగాలి తగిలితే ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చే కుటుంబాలు ఉన్నాయి. అది క్యాప్స్ అనే మరో గుంపు. దాని తీవ్ర రూపంలో పుట్టిన కొన్నాళ్లకే జబ్బు మొదలవుతుంది, కొంతమంది పిల్లల్లో మోకాటి చిప్ప, తొడ ఎముక చివర అడ్డదిడ్డంగా పెరిగిపోతాయి. అది వాపు కాదు, ఎముక ఎదుగుదలలోనే తేడా. ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపే ఇంజెక్షన్‌తో ఆ పిల్లల జ్వరం, దద్దుర్లు రోజుల్లోనే పోతాయి కానీ మోకాలిలో పెరిగిన ఎముక మాత్రం తగ్గదు. పాపా అనే ఇంకో అరుదైన జబ్బులో చిన్న దెబ్బకే మోకాలో మోచేయో నిజమైన చీములాంటి ద్రవంతో నిండి, క్రిములు లేకపోయినా కీలును పాడుచేస్తుంది.

నరాల వాపుకు పెట్టింది పేరు మాత్రం బ్లావ్ సిండ్రోమ్. జ్వరం ఇందులో పెద్దగా ఉండకపోవచ్చు. నాలుగేళ్ల లోపు పిల్ల మణికట్టు పైన, చీలమండ పైన మెత్తగా, స్పాంజిలా, నీటి సంచిలా ఉబ్బుతుంది. టెండాన్ చుట్టూ ఉండే తొడుగు వాస్తుందన్నమాట. చూడ్డానికి అంత పెద్ద వాపున్నా పిల్ల మామూలుగానే ఆడుకుంటుంది, అందుకే ఆలస్యం చేస్తారు. క్రమంగా వేళ్లు వంగిపోతాయి, కంటి లోపల వాపు వచ్చి చూపు దెబ్బతింటుంది. ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమా, అంటే రక్షణ కణాలు గుంపుకట్టిన చిన్న ముద్ద అని వస్తుంది. మన దేశంలో ఆ మాట కనపడగానే అందరికీ మొదట తట్టేది టీబీ, పిల్లకు నెలల తరబడి టీబీ మందులు మొదలవుతాయి. టీబీ మన దగ్గర అంత ఎక్కువ కాబట్టి అనుమానించడం తప్పేం కాదు. టీబీ క్రిమి దొరకక, మందులకు వాపు తగ్గక, కళ్లు ఎర్రబడుతుంటే ఇంకోసారి ఆలోచించాలి.

మన ఊళ్లలో జ్వరం, కీళ్లనొప్పి కలిసి వస్తే ముందు అనుకోవాల్సినవి వేరే ఉన్నాయి. 2006 ప్రాంతంలో చికున్‌గున్యా మన జిల్లాలను మంచాన పడేసింది గుర్తుందిగా, ఆ నొప్పులు కొందరికి నెలలపాటు వదల్లేదు. కానీ అది ఒకసారి వచ్చి నెమ్మదిగా తగ్గేది, ప్రతి నెలా కొత్తగా మొదలయ్యేది కాదు. కీళ్లవాత జ్వరం గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు వస్తుంది, ఒక కీలు వదిలి ఇంకో కీలు పట్టుకుంటుంది, అన్నిటికంటే ముఖ్యం గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఎఫ్ఎంఎఫ్ ఉన్న పిల్లలకు పొరపాటున ఇదేనని ఏళ్లపాటు పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చిన సంగతి మధ్యధరా దేశాల్లో కొత్తేమీ కాదు. మన దగ్గర కీళ్లవాత జ్వరమే ఎక్కువ, కాబట్టి ఎవరో రాసింది చదివి పెన్సిలిన్ సొంతంగా ఆపేయడం ప్రమాదం. రెండు ప్రతులూ కలిస్తేనే వచ్చే జబ్బులకు మేనరికాలు దారి సులువు చేస్తాయి, మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువే, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి జ్వరాలు ఉండేవా అని అడిగినప్పుడు సిగ్గుపడకుండా చెప్పాలి.

మీరు చేయగలిగింది ఒక నోటుపుస్తకం పెట్టడం. జ్వరం మొదలైన రోజు, గంట, ఎంత డిగ్రీలు, ఏ కీలు, ఏ వైపు, ఎన్నాళ్లకు తగ్గింది, ముందు రోజు ఏం చేశారు. వాపును, మచ్చను ఫోన్‌తో ఫొటో తీయండి, ఎందుకంటే అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఏమీ మిగలదు. ఒంట్లో మంట ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు నొప్పి ఉన్నప్పుడొకసారి, పూర్తిగా బాగున్నప్పుడొకసారి చేయిస్తే ఆ రెండు అంకెల మధ్య తేడా చాలా చెబుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ పరీక్షలు నెగెటివ్ వస్తే ఆశ్చర్యం లేదు. రుమటాయిడ్ జబ్బులో తప్పుడు యాంటీబాడీలు తయారవుతాయి, ఇక్కడ యాంటీబాడీల ప్రమేయమే లేదు, అందుకే 1999 నుంచి ఈ జబ్బులకు ఆటోఇన్‌ఫ్లమేటరీ అని విడిగా పేరు పెట్టారు.

మందు దగ్గర మనకు తెలిసిన మొక్క ఒకటి ఎదురవుతుంది. అడవినాభి, కొందరు అగ్నిశిఖ అంటారు, ఎరుపూ పసుపూ కలిసిన మంటల్లాంటి పువ్వు, తమిళనాడు రాష్ట్ర పుష్పం. దాని గింజల్లో కొల్చిసిన్ ఉంటుంది, అక్కడ ఆ గింజల కోసమే సాగు చేస్తారు. గౌటు అనే యూరిక్ యాసిడ్ కీళ్లవాపుకు వాడే ఈ పాత మందు ఎఫ్ఎంఎఫ్‌ను ఆపుతుందని 1972లో బోస్టన్ నుంచి గోల్డ్‌ఫింగర్ అనే డాక్టరు ఒక చిన్న ఉత్తరంలో రాశారు, అదే ఏడాది టర్కీ నుంచి ఓజ్కాన్ కూడా రాశారు. 1974లో దాన్ని పద్ధతిగా పరీక్షించి నిరూపించినవాళ్లలో చార్లెస్ డినరెల్లో ఒకరు, తర్వాత 1977లో జ్వరం తెప్పించే పదార్థాన్ని, అంటే ఇప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1 అంటున్నదాన్ని, శుద్ధి చేసి చూపించింది కూడా ఆయనే. కొల్చిసిన్ రో-ఏను చురుగ్గా ఉంచి పైరిన్ సంకెళ్లను మళ్లీ బిగిస్తుంది. అందుకే ఎఫ్ఎంఎఫ్‌లో అంత బాగా పనిచేస్తుంది, ట్రాప్స్‌లో, క్యాప్స్‌లో అంతగా పనిచేయదు.

ఇది నొప్పి బిళ్ల కాదు. నొప్పి వచ్చాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు, బాగున్న రోజుల్లో కూడా రోజూ వేసుకోవాలి. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. మొదట్లో విరేచనాలు అవుతాయి. క్లారిత్రోమైసిన్ అనే యాంటిబయోటిక్‌తో కలిస్తే కొల్చిసిన్ ఒంట్లో పేరుకుని ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి జలుబుకు మందులషాపులో ఏది ఇచ్చినా ముందు ఈ సంగతి చెప్పండి. గర్భం వస్తే భయపడి ఆపేస్తుంటారు, యూరప్ నిపుణుల మార్గదర్శకాలు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో కొనసాగించమనే చెబుతున్నాయి. అడవినాభి దుంపో గింజో నాటుమందుగా తినడం మాత్రం నేరుగా విషం తినడమే.

వచ్చిపోయే మోకాటి వాపులు కొల్చిసిన్‌తో బాగా తగ్గుతాయి. కానీ పాతుకుపోయిన తుంటి వాపు, నడుము బిగుసుకుపోవడం, మడమ నొప్పి దానికి పూర్తిగా లొంగకపోవచ్చు. వీటికి నొప్పి వాపు తగ్గించే మందులు, సల్ఫాసాలజిన్, మెథోట్రెక్సేట్, అవసరమైతే మంట రేపే మరో పదార్థమైన టీఎన్ఎఫ్‌ను లేదా ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపే ఇంజెక్షన్లు వాడతారు. కొల్చిసిన్ మోతాదు పెంచుకుంటూ పోవడం జవాబు కాదు. కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2016లో అమెరికాలో ఎఫ్ఎంఎఫ్, ట్రాప్స్, మెవలోనేట్ కైనేజ్ లోపం మూడింటికీ అనుమతి వచ్చింది, ఖరీదు మాత్రం మామూలు కుటుంబానికి అందేది కాదు.

1945లో న్యూయార్క్ డాక్టరు సీగల్ ఈ కడుపు జ్వరాన్ని మొదట వర్ణించినప్పుడు 'ప్రమాదం లేనిది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎందుకంటే ప్రతిసారీ మనిషి లేచి తిరుగుతున్నాడు. లోపల జరిగేది వేరు. మంట లేచిన ప్రతిసారీ కాలేయం ఒక ప్రొటీన్‌ను కుప్పలుగా తయారు చేస్తుంది, అది ఏళ్ల తరబడి మూత్రపిండాల్లో మైనంలా పేరుకుంటుంది. అమిలాయిడ్ అంటారు. కొల్చిసిన్ రాకముందు ఎఫ్ఎంఎఫ్ రోగులు నలభై ఏళ్లు రాకుండా చనిపోయింది ఎక్కువగా దీనివల్లే. 1986లో ఇజ్రాయెల్ డాక్టర్లు 1070 మంది రోగులను గమనించి, కొల్చిసిన్ రోజూ వాడినవాళ్లలో ఇది ఆగిపోతుందని చూపించారు. అందుకే నొప్పులు లేకపోయినా ఆరు నెలలకోసారి మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయిస్తారు. ఇంట్లో గమనించాల్సింది కూడా ఒకటుంది. ఈ పిల్లలకు చీలమండ వాయడం అలవాటే కాబట్టి ఇంకోసారి వాస్తే ఎవరూ కంగారుపడరు. కానీ వాపు రెండు కాళ్లకూ ఒకేసారి వచ్చి, నొప్పి లేకుండా, జ్వరం లేకుండా ఉండి, బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే అది కీలు వాపు కాదు, నీరు. ఆ రోజే మూత్రపరీక్ష చేయించాలి.